రాత్రి దిగే విమానానికి మన లైటు అడ్డం కాకుండా చూసుకోవడం ఎలా? విశాఖలో మేడలు, ఫంక్షన్ హాళ్ళు, ఉత్సవ కమిటీల కోసం

విశాఖ విమానాశ్రయం ఊరికి దూరంగా ఎక్కడో పొలాల మధ్య లేదు. ఒకపక్క గాజువాక, షీలానగర్, ఇంకోపక్క ఎన్‌ఏడీ, గోపాలపట్నం, తూర్పున మల్కాపురం, హార్బరు. రన్‌వే చుట్టూ ఊరే అల్లుకుపోయింది. ఊరన్నాక లైట్లుంటాయి. అపార్ట్‌మెంట్ గేటు దీపాలు, గోడౌన్ల హైమాస్టులు, బాక్స్ క్రికెట్ టర్ఫులు, పెళ్ళి మండపాలు, చవితి పందిళ్ళు. వీటిలో చాలామటుకు విమానాల జోలికి పోవు. కొన్ని పోతాయి. ఆ సంగతి వాటి యజమానికి తెలియదు, ఎందుకంటే కింద నిలబడి చూసేవాడికి మంచి లైటూ చెడ్డ లైటూ ఒక్కలాగే కనబడతాయి.

ఆ కొన్నింటిని ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి అన్నదే ఇక్కడి విషయం. లైట్లు ఆర్పేసి చీకట్లో కూర్చోమని ఎవరూ అనరు. చాలాసార్లు వాటేజీ తగ్గించే పని కూడా ఉండదు. లైటు ఎటు చూస్తోంది, ఏ వరుసలో ఉంది, ఏ రంగులో ఉంది, వెలిగి ఆరుతోందా అన్నవి చూసుకుంటే చాలు. దానికి ఒక నిచ్చెన, ఒక స్పానరు, ఎలక్ట్రీషియన్‌తో ఒక సాయంత్రం పడుతుంది.

మొదటి మెట్టు: పైలట్ దేనికోసం వెతుకుతున్నాడో తెలుసుకోండి

ఇది తెలియకుండా మిగతా మెట్లు ఎక్కితే, ఎందుకు చేస్తున్నామో తెలియని పని అవుతుంది. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

రాత్రిపూట పైలట్‌కి రన్‌వే కనబడదు, దాని దీపాలు కనబడతాయి. ఆ దీపాలకు ప్రపంచమంతా ఒకటే భాష. రన్‌వే మొదలయ్యే చోట అడ్డంగా ఆకుపచ్చ వరుస. రెండు అంచుల వెంబడీ తెల్లని దీపాలు, ఒకదానికొకటి 60 మీటర్లకు మించని దూరంలో. చివర ఎర్ర వరుస. విమానాలు నేలమీద నడిచే టాక్సీవే అంచులకు నీలం. రన్‌వేకి ముందు, పెద్ద విమానాశ్రయాల్లో 900 మీటర్ల దాకా, తెల్లటి అప్రోచ్ దీపాలు బారుగా ఉంటాయి. కొన్నిచోట్ల అవి సెకనుకు రెండుసార్లు రన్‌వే వైపు పరిగెత్తుతున్నట్టు వెలిగి ఆరతాయి.

వీటికి తోడు రన్‌వే పక్కన నాలుగు దీపాల పెట్టె వరుస ఒకటి ఉంటుంది. దాన్ని పాపీ అంటారు. రెండు తెలుపు, రెండు ఎరుపు కనబడితే విమానం సరైన వాలులో దిగుతోందని అర్థం. ఎరుపు పెరిగితే బాగా కిందికి వచ్చేసింది, తెలుపు పెరిగితే ఇంకా పైన ఉంది. అంటే ఆ కాక్‌పిట్‌లోంచి చూసేవాడికి ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నీలం అలంకారానికి ఉన్నవి కావు. ఒక్కో రంగుకీ ఒక్కో ఆజ్ఞ ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. విమానం మామూలుగా 3 డిగ్రీల వాలులో దిగుతుంది. రన్‌వే మొదలుకు 4.5 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు దాని ఎత్తు సుమారు 250 మీటర్లు. 2 కిలోమీటర్ల దగ్గర 120 మీటర్లు. 1 కిలోమీటరు దగ్గర 70 మీటర్ల లోపే. జెట్ విమానం అప్పుడు గంటకు 250 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వస్తుంటుంది కాబట్టి, ఆ 4.5 కిలోమీటర్లూ ఒక్క నిమిషంలో అయిపోతాయి. మన లైటు గొడవంతా ఆ ఒక్క నిమిషంలోనే.

"కంప్యూటర్లున్నాయి కదా, పైలట్ బయటికి చూడాల్సిన పనేముంది?" అని చాలామంది అడుగుతారు. ఉన్నాయి. ఐఎల్‌ఎస్ లాంటి రేడియో సాయం విమానాన్ని రన్‌వే వరుసలో పెడుతుంది. కానీ మామూలు కేటగిరీ-1 ఐఎల్‌ఎస్ మీద 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి దీపాలు కంటికి కనబడాలి. కనబడకపోతే దిగకుండా మళ్ళీ పైకి లేచిపోవాలి. ఆఖరి ఆ 200 అడుగులూ నడిపించేది కళ్ళే. సాధనాలు సరిగ్గా ఉన్నా, అనుభవం ఉన్నా, కళ్ళు పొరబడిన సంఘటనలు ఉన్నాయి.

2017 జూలై 7 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా 759 విమానం విషయంలో అదే జరిగింది. పక్కపక్కన రెండు రన్‌వేలు ఉన్నాయి. ఆ రాత్రి ఎడమవైపుది మూసి దాని దీపాలు ఆర్పేశారు. అలవాటుగా రెండు వరుసల కోసం చూసిన పైలట్లు వెలుగుతున్న రన్‌వేని ఎడమదానిగా, దాని కుడిపక్కనున్న టాక్సీవేని తాము దిగాల్సిన రన్‌వేగా అనుకున్నారు. ఆ టాక్సీవే మీద నాలుగు విమానాలు బయల్దేరడానికి వరుసలో నిలబడి ఉన్నాయి. విమానం దాదాపు 60 అడుగుల ఎత్తుకు దిగి, ఆఖరి క్షణంలో పైకి లేచింది. అంతకు మూడేళ్ళ ముందు, 2014 జనవరిలో, అమెరికాలోనే సౌత్‌వెస్ట్ విమానం ఒకటి బ్రాన్సన్ విమానాశ్రయంలో దిగాల్సింది పోయి, దగ్గర్లో ముందు కనబడిన వేరే చిన్న రన్‌వే మీద దిగిపోయింది. ఈ రెండుచోట్లా ఉన్నవి నిజమైన విమానాశ్రయ దీపాలే. అవే ఇంత పొరపాటు చేయించగలిగితే, రన్‌వేని పోలిన మన లేఅవుట్ దీపాలు ఏం చేయగలవో ఊహించుకోవచ్చు.

మనకు ప్రత్యేకంగా సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది: చీకటి. విశాఖ ప్రధాన రన్‌వే 10/28. అంటే ఒక దిక్కు 100 డిగ్రీలు, ఇంకో దిక్కు 280 డిగ్రీలు, దాదాపు తూర్పు పడమరలు. తూర్పునుంచి వచ్చే విమానం సముద్రం మీదుగా, హార్బరు మీదుగా వస్తుంది. సముద్రం నల్లగా ఉంటుంది, మడ చెట్లున్న బురదనేల నల్లగా ఉంటుంది, ఎదురుగా మాత్రం ఊరు ధగధగలాడుతుంటుంది. ఇలాంటి చీకటి మీదుగా వెలుగులోకి వచ్చేటప్పుడు మనిషి కన్ను ఎత్తును తప్పుగా అంచనా వేస్తుంది. ఉన్నదానికంటే పైన ఉన్నట్టు అనిపించి, పైలట్ తెలియకుండానే కిందికి దించేస్తాడు. దీన్ని బ్లాక్ హోల్ అప్రోచ్ అంటారు. 1960లలో బోయింగ్ సంస్థలో కాన్రాడ్ క్రాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సిమ్యులేటర్ పెట్టి పరీక్షిస్తే, బాగా అనుభవమున్న పైలట్లు కూడా ఏటవాలు ఊరి దీపాలను చూస్తూ ప్రమాదకరంగా కిందికి దిగిపోయారు. మన ఊరికి కొండలున్నాయి, కొండల మీద దీపాలున్నాయి. సముద్రంలో వేట పడవల దీపాలున్నాయి. వెన్నెల లేని రాత్రి అవి చుక్కల్లో కలిసిపోయి, దిగంతం ఎక్కడుందో తెలియకుండా చేస్తాయి. కొండల్నీ పడవల్నీ మనం మార్చలేం. వాటి సంగతి పైలట్లకు శిక్షణలోనే చెబుతారు. ఆ చిక్కుకి తోడు కొత్త చిక్కు కలపకపోవడమే మన పని.

రెండో మెట్టు: మీ స్థలం ఆ దీర్ఘచతురస్రంలో ఉందా?

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ఒక కొలత చెప్పింది. 1,800 మీటర్లు, అంతకు మించిన పొడవున్న ఇన్‌స్ట్రుమెంట్ రన్‌వేలకు, అంటే ఐఎల్‌ఎస్ లాంటి సాయంతో దిగేవాటికి, రెండు చివరల నుంచీ బయటికి కనీసం 4,500 మీటర్ల పొడవు, మధ్యగీతకు అటూ ఇటూ 750 మీటర్ల వెడల్పు. ఈ జాగాలో ఉన్న ప్రతి బయటి లైటునూ ప్రత్యేకంగా గమనించాలి. మన రన్‌వే పొడవు 3,050 మీటర్లు కాబట్టి ఈ కొలత మనకు వర్తిస్తుంది.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. రన్‌వే స్పష్టంగా కనబడుతుంది. దూరం కొలిచే టూల్‌తో రన్‌వే గీతనే అటు తూర్పుకి, ఇటు పడమటికి 4.5 కిలోమీటర్లు పొడిగించండి. ఆ గీతనుంచి మీ మేడకు అడ్డంగా ఎంత దూరముందో చూడండి. 750 మీటర్ల లోపైతే మీరు లోపల ఉన్నట్టు. 800 ఉంటే బయట ఉన్నాం కదా అని కాలు చాపుకోనక్కర్లేదు. ఐకావో "కనీసం" అనే అంది. పెద్ద మైదానం, పెద్ద యార్డు ఉన్నవాళ్ళు రెండు కిలోమీటర్ల అవతలున్నా కింది మెట్లు ఒకసారి చదవండి. లేజర్ విషయంలో ఈ గీతలేవీ పనికిరావు, దాని సంగతి తర్వాత వస్తుంది.

మూడో మెట్టు: రాత్రి ఒకసారి డాబా ఎక్కండి

పగలు చూస్తే ఏమీ తెలియదు. చీకటి పడ్డాక, లైట్లన్నీ వెలిగాక, డాబా మీదికి ఎక్కి చూడండి. మీ ఆవరణలో ఉన్న దీపాల్లో ఎన్నింటి బల్బు, అంటే ఎల్‌ఈడీ చిప్పే, మీ కంటికి నేరుగా కనబడుతోంది? లైటు అంత ఎత్తులోనో, దానికంటే పైనో నిలబడినవాడికి చిప్పు కనబడితే పైలట్‌కీ కనబడుతుంది. కింద నేల వెలుగుతూ చిప్పు కనబడకపోతే ఆ లైటు మంచిది. ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు, పరికరాలు కూడా అక్కర్లేదు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. విమానం మన నెత్తిమీదుగా పోతుంది కాబట్టి నిట్టనిలువుగా పైకి పోయే కాంతే ప్రమాదమని అనుకుంటాం. లెక్క వేస్తే వేరేగా తేలుతుంది. మీ ఐదంతస్తుల మేడ రన్‌వే చివరికి 2 కిలోమీటర్ల దూరంలో, గీత కిందే ఉందనుకుందాం. విమానం మీకు ఇంకా 2 కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడు, అది మీ డాబా నుంచి చూస్తే నేలబారుకు 6 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పైలట్ మీ మేడను ఎదురుగా, కొద్దిగా కిందికి చూస్తున్నాడు. అంటే అతని కంట్లో పడేది దాదాపు అడ్డంగా పోయే వెలుగు. హైవే మీద ఎదురుబండివాడు హైబీమ్ వేస్తే మనకు ఎలా ఉంటుందో అతనికీ అలాగే ఉంటుంది. చీకటికి అలవాటుపడిన కన్ను ఒక్కసారి చెదిరితే పూర్తిగా తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. అతని దగ్గర ఉన్నది ఒక నిమిషం.

డాబా మీద ఉండగానే ఒక కాగితం మీద రాసుకోండి: ఏ లైటు, ఎటు చూస్తోంది, ఏ రంగు, స్థిరంగా వెలుగుతోందా మిణుకుతోందా, వరుసగా ఎన్ని ఉన్నాయి.

ఇంకో జాగ్రత్త. మన విమానాశ్రయం నేవీ వారి వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. రన్‌వే, కంట్రోల్ టవరు, లైటింగు అన్నీ వారి అధీనంలోవే. పౌర విమానాలకు టెర్మినల్ మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. కాబట్టి ఆధారాల కోసమని డాబా మీదనుంచి రన్‌వేని, నేవీ స్థలాల్ని ఫొటోలు, వీడియోలు తీయకండి. డ్రోన్ అసలే ఎగరేయొద్దు. మీ లైటు ఫొటో చాలు.

నాలుగో మెట్టు: ఒక్కో లైటునూ సరిచేయండి

ఫ్లడ్ లైట్లతో మొదలుపెట్టండి, ఎక్కువ నేరం వాటిదే. బజార్లో దొరికే మామూలు ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు కాంతి 120 డిగ్రీల దాకా విచ్చుకుంటుంది. దాన్ని 45 డిగ్రీలు కిందికి వంచి "వంచేశాం కదా" అనుకుంటాం. కానీ మధ్యగీతకు పైన ఇంకో 60 డిగ్రీల వెలుగుంది. 45 పోను 15 డిగ్రీలు నేలబారుకు పైనే పోతోంది. సరిగ్గా ఆ 6 డిగ్రీల విమానం ఉన్నచోటికి. దీనికి మూడు దారులు. లైటును 60 డిగ్రీలకు మించి వంచి, ముఖం దాదాపు నేలకే పెట్టడం ఒకటి. పైన రేకు టోపీ, అంటే వైజర్ బిగించడం ఇంకోటి. కొత్తగా కొనేవాళ్ళయితే అసిమెట్రిక్ ఫ్లడ్ లైటు అడగండి. అది అద్దం నేలకు సమాంతరంగా ఉండగానే కాంతిని ముందుకు నేలమీదికి విసురుతుంది. ఏ లైటైనా దాని ముఖ్య కాంతి, నిట్టనిలువు కిందినుంచి కొలిస్తే 70 డిగ్రీలు దాటకూడదన్నది లైటింగ్ ఇంజనీర్లు పాటించే పద్ధతి. వంపు కొలవడానికి ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ చాలు.

బాక్స్ క్రికెట్ టర్ఫుల వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఈమధ్య ఊళ్ళో అర్ధరాత్రి దాకా ఆడుతున్నారు. స్తంభాలు పొట్టిగా ఉండటంతో కోర్టు అవతలి అంచు దాకా వెలుగు అందాలని లైట్లను దాదాపు అడ్డంగా పెట్టేస్తారు. స్తంభం ఎత్తు పెంచి లైటును కిందికి వంచితే అదే వాటేజీతో వెలుగు ఇంకా సమంగా పడుతుంది. బ్యాట్స్‌మన్ కళ్ళలోనూ కొట్టదు, విమానానికీ ఇబ్బంది ఉండదు. స్తంభం ఖర్చు ఒక్కసారిదే, కాబట్టి నేనైతే దానికి వెనకాడను. మ్యాచ్ లేనప్పుడు లైట్లు ఆర్పడానికి ఖర్చే లేదు.

తర్వాత వరుసలు. లేఅవుట్లో తిన్నని రోడ్డు, రెండువైపులా సమాన దూరంలో తెల్లని దీపాలు: పైనుంచి చూస్తే ఇది రన్‌వే బొమ్మే. తిన్నని రోడ్ల దీపాలు, కదిలే రైళ్ళ దీపాలు రన్‌వేలా, అప్రోచ్ దీపాల్లా భ్రమ కలిగిస్తాయని పైలట్ల పాఠాల్లోనే ఉంటుంది. మన దగ్గర హైవే ఉంది, మర్రిపాలెం వైపు రైల్వే యార్డు ఉంది. వాటికి తోడు మనది కూడా ఎందుకు? రన్‌వే గీతకు సమాంతరంగా ఉన్న పొడవాటి వరుసల్ని ముందు చూడండి. దీపాలకు పైన మూత ఉండేలా చేస్తే సగం పని అయిపోతుంది. కొత్తగా వేసే లేఅవుట్ అయితే రెండువైపులా ఎదురెదురుగా జోడీగా కాకుండా, ఒకటి ఈ వైపు, తర్వాతిది ఆ వైపు వచ్చేలా స్తంభాలు పాతించండి. కాంపౌండ్ గోడ మీద ప్రతి పిల్లరుకూ గుండ్రటి గ్లోబు దీపం పెట్టే ఫ్యాషన్ ఒకటుంది. నాలుగు వైపులా, ఆకాశానికీ సమానంగా వెలుగు పంచే ఆ గ్లోబులంత దండగమారి లైటు ఇంకోటి లేదు. వాటిని తీసేసి కిందికి చూసే దీపాలు పెట్టుకోండి.

రంగుల విషయంలో సూత్రం చిన్నది. ఆ దీర్ఘచతురస్రంలో బయటివైపు ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరుసలు శాశ్వతంగా వద్దు. వార్మ్ వైట్ వాడితే, అంటే 3,000 కెల్విన్ దగ్గరిది, కూల్ వైట్‌తో పోలిస్తే కళ్ళకు హాయి. కూల్ వైట్‌లో నీలం పాలు ఎక్కువ, గాలిలో అది ఎక్కువగా చెదిరి మసక వెలుగులా పరుచుకుంటుంది. అలాగని వార్మ్ వైట్ పెట్టేశాం, ఎటు తిప్పినా ఫర్వాలేదు అనుకోవద్దు. దిశ తప్పితే ఏ రంగైనా తప్పే.

ఎల్‌ఈడీ హోర్డింగులకు రాత్రిపూట వెలుగు తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆటోలో పెట్టించండి. తెల్లటి తెర ఒక్కసారి మెరిసి ఆరే యాడ్లు వద్దని ఏజెన్సీకి చెప్పండి. వానాకాలంలో ఒకసారి మళ్ళీ చూసుకోండి, తడిసిన గచ్చు మీద ఫ్లడ్ లైటు పడితే వెలుగు పైకి ఎగజిమ్ముతుంది.

ఐదో మెట్టు: పెళ్ళిళ్ళు, పండగలు

శాశ్వతమైన లైట్లు ఒకసారి సరిచేస్తే అయిపోతుంది. అద్దె లైట్లతోనే నాకు టెన్షన్, ఎందుకంటే అవి ఒక్కరాత్రికి వచ్చి పోతాయి, ఎవరూ అడిగేలోపే.

మొదటిది షార్పీ. ఆకాశంలోకి సన్నటి కర్రలా వెలుగు పంపించి తిప్పే లైటు. మండపం మీద వేస్తే బాగానే ఉంటుంది, పైకి వేస్తేనే గొడవ. ఫంక్షన్ హాలు మేనేజరుకీ లైటింగ్ కుర్రాడికీ మాట ఇలా సాగుతుంటుంది:

"బాబూ, ఆ షార్పీలు పైకి తిప్పకు. విమానాలు దిగే దారి ఇది."

"ఏటి సార్, అంత ఎత్తున పోయే విమానానికి మన లైటు ఏటడ్డం? పైకి ఏస్తేనే కదా ఊరంతా కనబడేది."

"ఊరంతటికీ కనబడితే పైలట్‌కి కనబడదేటి? స్టేజీ మీదికి తిప్పుకో, పెళ్ళికూతురి మీద వెయ్యి. పైకి మాత్రం వద్దు."

ఈ మాట ముహూర్తం రోజు రాత్రి చెబితే ఎవరూ వినరు. బుకింగ్ రోజునే కాగితం మీద రాయించుకోండి: షార్పీలు, సెర్చ్ లైట్లు నేలబారు దాటి పైకి తిప్పకూడదు, లేజర్లు ఆరుబయట వాడకూడదు, తిప్పితే కరెంటు ఆపేస్తాం. అడ్వాన్సు ఇచ్చే ముందు చెబితే అందరూ ఒప్పుకుంటారు.

సీరియల్ సెట్లకు అంత భయపడక్కర్లేదు. వాటి వెలుగు తక్కువ. డాబా పొడవునా తెల్ల సెట్టు వేసి ఒక దిక్కుగా పరిగెత్తించడం మాత్రం వద్దు, అది అప్రోచ్ దీపాల నడకే. స్థిరంగా వెలిగించండి, లేదా రంగులు కలిపి మెల్లగా మారేలా పెట్టుకోండి.

లేజర్ వేరే సంగతి. ఇక్కడ సర్దుబాటు ఏమీ లేదు. చేతిలో పట్టే 5 మిల్లీవాట్ల ఆకుపచ్చ లేజర్ కూడా వంద మీటర్ల లోపు అయితే కళ్ళు బైర్లు కమ్మేలా చేస్తుంది, 350 మీటర్ల దాకా కాంతితో చూపును కప్పేస్తుంది, మూడు కిలోమీటర్లకు పైగా పైలట్ దృష్టిని చెదరగొడుతుంది. ఆకుపచ్చ రంగు మన కంటికి ఎక్కువ చురుగ్గా తగులుతుంది కాబట్టి అదే శక్తి ఉన్న ఎర్ర లేజర్‌కంటే ఇది చాలా ఎక్కువ వెలుగుగా కనబడుతుంది. దూరం వెళ్ళేకొద్దీ చుక్క పెద్దదవుతుంది. విమానం దగ్గరికి చేరేసరికి కాక్‌పిట్ అద్దం మీదున్న సన్నటి గీతల్లో చెదిరి అద్దమంతా ఆకుపచ్చగా నిండిపోతుంది. అమెరికాలో ఒక్క 2023లోనే 13,304 లేజర్ ఘటనలను పైలట్లు నమోదు చేశారు. ఐకావో లెక్కలో విమానాశ్రయం చుట్టూ 18.5 కిలోమీటర్ల వ్యాసార్ధం లేజర్‌కు కీలక ప్రాంతం. మ్యాప్‌లో గీసి చూస్తే బీచ్ రోడ్డుతో సహా విశాఖ నగరం చాలా భాగం అందులోకి వచ్చేస్తుంది. నేవీ హెలికాప్టర్లు రాత్రిళ్ళు తక్కువ ఎత్తులో ఊరి పక్కనే ఎగురుతుంటాయి, వాటికి దీర్ఘచతురస్రాలు లేవు. కాబట్టి బీచ్‌లో పిల్లలకు లేజర్ బొమ్మ కొనిచ్చేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది.

ఆకాశదీపాలు, అదే కొవ్వొత్తి పెట్టి వదిలే కాగితం లాంతర్లు, విమానాశ్రయం చుట్టుపక్కల వద్దే వద్దు. వదిలాక అది ఎటు పోతుందో గాలికి తప్ప ఎవరికీ తెలియదు. విమానం ఇంజన్లకీ మంచిది కాదు, పాకల కప్పులకీ మంచిది కాదు.

ఆరో మెట్టు: వెలగాల్సిన ఎర్ర దీపం వెలుగుతోందా?

ఇప్పటిదాకా ఉండకూడని లైట్ల గురించి చెప్పుకున్నాం. ఉండాల్సిన లైటు లేకపోవడమూ తప్పుదోవే. ఎత్తైన మేడల మీద, టవర్ల మీద, క్రేన్ల మీద ఎర్ర దీపం పెట్టాలని అనుమతి పత్రంలో రాసి ఉంటే, అది ప్రతి రాత్రీ వెలగాలి. చాలా అపార్ట్‌మెంట్లలో బిల్డరు పెట్టి వెళ్ళిపోతాడు, రెండేళ్ళకు మాడిపోతుంది, అసోసియేషన్‌కు అది ఉన్నట్టే గుర్తుండదు. వాచ్‌మన్ రోజువారీ పనుల్లో దాన్నీ రాయండి. కరెంటు పోయినప్పుడు జనరేటరు లైనులోకి వచ్చేలా చూడండి. అనుమతిలో లేకుండా సొంతంగా ఎర్ర దీపాలు, మిణుకు దీపాలు పెట్టకండి.

మేడ ఎత్తుకు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, వచ్చింది కాబట్టి లైట్లకూ వచ్చినట్టే అని కొందరు వాదిస్తారు. రెండూ వేరు.

ఏడో మెట్టు: లైటు మీది కాకపోతే

ముందు మాట్లాడండి. చాలామందికి నిజంగా తెలియదు. ఈ మార్గదర్శిలోని 6 డిగ్రీల లెక్క చెప్పి, డాబా ఎక్కించి చూపిస్తే మనసు మార్చుకునేవాళ్ళే ఎక్కువ. మాట్లాడినా కదలకపోతే రాతపూర్వకంగా విమానాశ్రయ డైరెక్టర్ కార్యాలయానికి పంపండి. రన్‌వే నేవీది కాబట్టి వాళ్ళు అక్కడికి చేరవేస్తారు. మునిసిపల్ వీధి దీపమైతే జీవీఎంసీకి కూడా ఒక ప్రతి ఇవ్వండి. "లైట్ల వల్ల ప్రమాదం, చర్య తీసుకోగలరు" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయండి:

"ఫలానా రోడ్డులో, ఫలానా గుర్తు పక్కన, ఫలానా మైదానంలో నాలుగు స్తంభాల మీద తెల్లని ఫ్లడ్ లైట్లు ఉన్నాయి. మ్యాప్ లొకేషన్ జతచేశాను. అవి తూర్పు వైపుకు, దాదాపు నేలబారుగా తిరిగి ఉన్నాయి. ప్రతిరోజూ రాత్రి 7 నుంచి 12 దాకా వెలుగుతాయి. మెరవవు, స్థిరంగా ఉంటాయి. రన్‌వే మధ్యగీత పొడిగింపుకు సుమారు 400 మీటర్ల దూరంలో ఉన్నాయి. నేలమీదనుంచి తీసిన ఫొటో జతచేశాను."

స్థలం, దిశ, రంగు, సమయం, స్థిరమా మిణుకా. ఈ ఐదూ ఉంటే టవరు వాళ్ళు పైలట్లనే అడిగి తేల్చుకోగలరు.

ఎవరైనా విమానం మీదికి లేజర్ వేస్తుంటే మాత్రం ఉత్తరాలు రాస్తూ కూర్చోవద్దు. 112కి ఫోన్ చేసి, ఏ వీధి, ఏ మేడ, ఏ రంగు, ఇప్పుడు కూడా వేస్తున్నారా అన్నది చెప్పండి. మీరే వెళ్ళి లాక్కోవాలని చూడకండి.

చట్టం సంగతి టూకీగా. 1937 నాటి విమాన నియమాల్లోనే 66వ నియమం తప్పుడు దీపాల మీద ఉంది. విమానాశ్రయ దీపాలని పొరబడేలా, లేదా కళ్ళు చెదిరేలా ఉన్న లైటును ఆర్పించడమో కప్పించడమో చేయొచ్చని దాని సారాంశం. 1934 నాటి పాత విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమం 2024 వచ్చింది. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉంది. లేజర్ల మీద నిషేధాజ్ఞలు ఇచ్చే అధికారం పోలీసు కమిషనర్‌కు ఉంది. అంతదాకా వచ్చే కేసులు తక్కువే, రానివ్వకుండా ఉండటం మన చేతుల్లో పని.

భోగాపురం వైపు స్థలాలున్నవాళ్ళకు

విజయనగరం జిల్లా భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం చుట్టూ లేఅవుట్లు, రిసార్టులు ఇప్పటికే లేస్తున్నాయి. అక్కడ చుట్టుపక్కల చీకటి ఎక్కువ, సముద్రం దగ్గర. అంటే బ్లాక్ హోల్ భ్రమకు కావలసిన సరుకంతా ఉంది. చీకటి నేలమీద ఒంటరిగా తిన్నగా వెలిగే లేఅవుట్ రోడ్డు, ఊరి మధ్యలో ఉన్న రోడ్డుకంటే ఎక్కువ రన్‌వేలా కనబడుతుంది. రెండో మెట్టులోని గీతను అక్కడి రన్‌వేకి గీసి చూసుకోండి, అది కూడా పెద్ద రన్‌వేనే కాబట్టి అదే 4,500, అదే 750. స్తంభాలు పాతాక మార్చడం కష్టం, ప్లాను కాగితం మీద ఉండగా మార్చడం తేలిక. లేఅవుట్ ప్లాను చేతికొచ్చినప్పుడు డెవలపర్‌ని మూడు అడగండి: మెయిన్ రోడ్డు రన్‌వేకి ఏ దిక్కుగా ఉంది, వీధి దీపాలకు పైన మూత ఉందా, ఎంట్రన్స్ ఆర్చి మీద సెర్చ్ లైట్లు పెడుతున్నారా. మూడోదానికి "అవును, హైవే మీదికి కనబడాలి కదండీ" అన్న జవాబు వస్తే, ఆర్చికి కిందినుంచి పైకి కాకుండా పైనుంచి కిందికి వెలుగు పడేలా డిజైన్ మార్చమనండి.